ఉమ్మడి పరిశోధనశాల బాధ్యత మీకు అప్పగించినప్పుడు: భద్రత, నిర్వహణ ఎలా చేయాలి

నాలుగైదు పరిశోధన బృందాలు ఒకే గదిని, విషపు ఆవిర్లను బయటికి లాగేసే అవే ఫ్యూమ్ హుడ్లను, గొట్టాల్లోని ద్రవాలను గిరగిరా తిప్పి వేరుచేసే అదే సెంట్రిఫ్యూజ్‌ను పంచుకునే విశ్వవిద్యాలయ ల్యాబ్‌ను చూసుకునే పని మీకు అప్పగించారనుకుందాం. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. ఇలాంటి ల్యాబ్‌లో ఆ గొడ్డు రకరకాల రూపాల్లో కనిపిస్తుంది: ఫ్రిజ్ వెనుక అరలో పేరు చెరిగిపోయిన సీసా, ఎప్పుడు నూనె మార్చారో ఎవరికీ గుర్తులేని వాక్యూమ్ పంపు, రెండేళ్ల కిందట పట్టా పుచ్చుకొని వెళ్లిపోయిన స్కాలరు వదిలేసిన ఫ్లాస్కు. కింద చెప్పే పనులన్నిటి వెనుకా ఒకే ప్రశ్న ఉంటుంది: ఈ వస్తువు ఇవాళ ఎవరిది? దానికి బతికున్న, ఊళ్లో ఉన్న, ఫోన్ చేస్తే పలికే మనిషి పేరు జవాబుగా రావాలి. బృందం పేరో విభాగం పేరో వస్తే ఆ జవాబును లెక్కలోకి తీసుకోకండి.

ముందుగా గదిలో ఏముందో రాసుకోండి

కొత్త నియమాలేవీ గోడకు అంటించకముందే ఒక వారం కేటాయించి జాబితా తయారు చేయండి. ఈ పని ఒంటరిగా చేయకండి. గదిలో అందరికన్నా ఎక్కువ కాలంగా ఉన్నవారిని ఒకరిని వెంట పెట్టుకోండి, ఎందుకంటే సగం సీసాల చరిత్ర వారి జ్ఞాపకంలోనే ఉంటుంది. ప్రతి రసాయనానికి పూర్తి పేరు, పరిమాణం, ఉన్న చోటు, గదికి వచ్చిన తేదీ, మూత తీసిన తేదీ, బాధ్యుడి పేరు అనే ఆరు గడులు చాలు. గ్యాస్ సిలిండర్లకూ యంత్రాలకూ వేరే పట్టికలు పెట్టుకోండి. బాధ్యుడి గడి ఖాళీగా మిగిలిన వాటిని ఎర్ర సిరాతో గుర్తించండి. మీ అసలు పని వాటితోనే మొదలవుతుంది.

జాబితా రాసేటప్పుడు తెలియని సీసా మూత తీసి వాసన చూడడం, కొంచెం కదిపి చూడడం వంటివి ఎంతమాత్రం చేయకండి. డైఇథైల్ ఈథర్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), డైఆక్సేన్, డైఐసోప్రొపైల్ ఈథర్ వంటి ద్రావణులు గాలి తగిలితే నెమ్మదిగా పెరాక్సైడ్లను తయారు చేసుకుంటాయి. అవి గాఢమైనా, స్ఫటికాలుగా పేరుకున్నా మూత తిప్పినప్పుడు పుట్టే రాపిడికే పేలవచ్చు. సీసా మెడ దగ్గర తెల్లని పొరగానీ లోపల స్ఫటికాలుగానీ కనిపిస్తే దాన్ని ఉన్నచోటే వదిలి, ఆ వైపు ఎవరూ వెళ్లకుండా చూసి, విశ్వవిద్యాలయ భద్రతా విభాగానికి కబురు చేయండి. తడి ఆరిపోయిన పిక్రిక్ ఆమ్లం విషయంలోనూ ఇంతే. మూత తీసిన తరువాత డైఐసోప్రొపైల్ ఈథర్‌ను మూడు నెలలకు, డైఇథైల్ ఈథర్, టీహెచ్‌ఎఫ్‌లను ఆరు నెలలకు పరీక్షించడమో పారవేతకు పంపడమో చేయాలన్నది చాలా ల్యాబ్‌లు పాటించే గడువు. బజారు నుంచి వచ్చిన టీహెచ్‌ఎఫ్‌లో సాధారణంగా బీహెచ్‌టీ అనే, పెరాక్సైడ్లు పుట్టకుండా ఆపే నిరోధకం కలిపి ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టి శుద్ధి చేస్తే నిరోధకం వెనుకే మిగిలిపోతుంది గనుక ఆ శుద్ధమైన టీహెచ్‌ఎఫ్ ఇంకా తొందరగా చెడుతుంది. ఏ సీసాకు ఏ గడువో జాబితాలోనే రాసి, గడువు దగ్గరపడగానే బాధ్యుడికి గుర్తుచేసే ఏర్పాటు చేసుకోండి.

లేబుల్, ఆ తరువాత చోటు

ఒకసారి ఫ్రిజ్ సర్దుతుండగా నాకు 'ద్రావణం-2, కొత్తది' అని రాసిన సీసా దొరికింది. ఎప్పటి కొత్తదో, మొదటి ద్రావణం ఏమైందో చెప్పగల మనిషి ఆ భవనంలో ఎవరూ మిగలలేదు. లేబుల్ రాసినవారికి ఆ రోజు అది పూర్తిగా అర్థమయ్యే ఉంటుంది, చిక్కంతా చదివేవారితోనే. అందుకని ప్రతి పాత్రమీదా పదార్థం పూర్తి పేరు, గాఢత, ఏ ద్రావణిలో ఉంది, ఏ విధంగా ప్రమాదకరం, తయారుచేసిన తేదీ, చేసినవారి పేరు ఉండాలని పట్టుబట్టండి. పొడి అక్షరాలను అనుమతించకండి. పీబీఎస్ అంటే కణజీవశాస్త్ర విద్యార్థికి ఫాస్ఫేట్ బఫర్ కలిపిన ఉప్పునీరు, పక్క బల్లమీద నానో పదార్థాలు చేసే విద్యార్థికి లెడ్ సల్ఫైడ్. ఒక బృందం గదిలో ఈ అయోమయం రాదు, ఉమ్మడి గదిలో తప్పకుండా వస్తుంది.

ప్రతి రసాయనానికీ తయారీదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రంలో 16 విభాగాలుంటాయి. మొత్తం చదవమంటే ఎవరూ చదవరు. కొత్త పదార్థం గదిలోకి తెచ్చేవారిచేత 4వ విభాగంలోని ప్రథమ చికిత్స, 8వ విభాగంలోని రక్షణ సామగ్రి, 10వ విభాగంలోని స్థిరత్వం, ఏది తగిలితే ఏమవుతుందన్న వివరం, 13వ విభాగంలోని పారవేత పద్ధతి మాత్రం చదివించి సంతకం తీసుకోండి. మిక్కిలి ప్రమాదకరమైన పది పన్నెండు పదార్థాల పత్రాలను అచ్చువేసి తలుపు పక్కనే ఉంచండి, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌లో ఉన్న పత్రం చేతికి రాదు.

సీసాలను అక్షర క్రమంలో సర్దే అలవాటు ఉంటే మాన్పించండి. ఇంగ్లీషు అక్షర క్రమంలో నైట్రిక్ ఆమ్లం పక్కకు నైట్రోబెంజీన్ వచ్చి కూర్చుంటుంది. ఒకటి బలమైన ఆక్సీకరణి, మరొకటి మండే సేంద్రియ ద్రవం. గుణాన్ని బట్టి విడదీసి, నైట్రిక్ ఆమ్లాన్ని మిగతా ఆమ్లాలకు కూడా దూరంగా సొంత ట్రేలో పెట్టండి. ఎసిటిక్ ఆమ్లం పేరుకు ఆమ్లమైనా దాదాపు 39 డిగ్రీల సెల్సియస్ దగ్గరే దాని ఆవిరి అంటుకోగలదు గనుక దాని చోటు మండే ద్రవాల బీరువాలోనే. బ్లీచ్ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్, అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ వాయువులు వస్తాయని చాలామందికి తెలుసు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ వెలికితీత కిట్లలోని గ్వానిడిన్ థయోసయనేట్‌తో కలిసినా విషవాయువులు పుడతాయన్నది జీవశాస్త్ర బల్లల దగ్గర తరచు మరిచిపోయే విషయం. ద్రవాలు ఏవైనా కంటి ఎత్తుకు కిందే ఉండాలి. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లో ఈథర్ వంటివి పెట్టనివ్వకండి. దాని లోపలి థర్మోస్టాట్, దీపం స్విచ్చు నిప్పురవ్వ పుట్టించగలవు, ఆవిరి బయటికి పోయే దారి ఉండదు.

అత్యవసర సామగ్రి

కళ్లు కడిగే కుళాయి చాలా గదుల్లో గోడకు అలంకారంగా మిగిలిపోతుంది. వారానికి ఒకసారి దాన్ని తిప్పి, తుప్పునీరు పోయి తేట నీరు వచ్చేదాకా వదలండి, పక్కనే వేలాడే కాగితంమీద తేదీ వేయండి. ప్రమాదం జరిగే చోటినుంచి 10 సెకన్లలో దాన్ని చేరగలగాలి, చేరినవారు కనీసం 15 నిమిషాలు కళ్లు కడుక్కోగలగాలి. కళ్లు మూసుకొని నడిచే మనిషికి దారిలో కుర్చీగానీ అట్టపెట్టెగానీ తగిలితే ఆ 10 సెకన్లు చాలవు. కనుక ఆ దారిని రోజూ ఒకసారి చూడండి. ఎవరైనా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడుతుంటే కాల్షియం గ్లూకోనేట్ లేపనం గదిలోనే, గడువు తీరకుండా ఉండాలి. అది లేకుండా ఆ సీసా తెరవనివ్వకండి, ఎందుకంటే పలచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తగిలినచోట నొప్పి గంటల తరువాత గానీ తెలియకపోవచ్చు, అప్పటికి ఆమ్లం లోపలి కణజాలానికి చేరి ఉంటుంది.

ఫ్యూమ్ హుడ్‌ను గిడ్డంగిగా మార్చడం అన్ని ల్యాబ్‌లకూ ఉన్న జబ్బు. హుడ్ నోటి దగ్గర గాలి వేగం సెకనుకు సుమారు 0.4 నుంచి 0.6 మీటర్లు ఉండేలా ఏటా కొలిపించండి. రోజువారీ చూపుకు అద్దం అంచున అతికించిన పలచని టిష్యూ కాగితం పట్టీ చాలు: అది లోపలికి వంగకపోతే పని ఆపాలి. పాత్రలను అద్దానికి కనీసం 15 సెంటీమీటర్లు లోపల పెట్టి పనిచేయాలి. ఇవాళ జరిగే ప్రయోగానికి సంబంధం లేని సీసా హుడ్‌లో కనిపిస్తే సాయంత్రానికి దాని బాధ్యుడే తీయాలన్న నియమాన్ని మొదటి నెల కాస్త కటువుగా అమలు చేయండి. తరువాత మీరు చెప్పనక్కరలేదు.

యంత్రాలు

ప్రతి ఉమ్మడి యంత్రానికి ఒక సంరక్షకుడిని నియమించి, ఆ పేరును యంత్రంమీదే రాయండి. శిక్షణ పొందినవారి జాబితా పక్కనే ఉండాలి, అందులో పేరు లేనివారు మీటనొక్కకూడదు. వాడిన ప్రతివారూ రిజిస్టరులో తేదీ, సమయం, పేరుతోపాటు యంత్రం ఎలా ఉందో ఒక ముక్క రాయాలి. 'కొంచెం శబ్దం వస్తోంది' అన్న ఒక్క మాట రాసినందుకు బేరింగు బతికిపోయిన సందర్భాలు నాకు తెలుసు.

సెంట్రిఫ్యూజ్‌తో మరింత జాగ్రత్త కావాలి. ఎదురెదురు గొట్టాలను కంటితో కొలిచి నీటి మట్టం సరిచేయడం చాలదు, మూతలతో సహా త్రాసుమీద తూచాలి. సాంద్రతలు వేరైన ద్రవాలు ఒకే మట్టంలో ఉన్నా బరువు ఒకటి కాదు. గొట్టాలను పట్టుకొని తిరిగే లోహపు భాగమైన అధిక వేగపు రోటర్‌కు ఆయుష్షు ఉంటుంది. ప్రతి పరుగుతో లోహం అలసిపోతుంది గనుక ఎన్నిసార్లు, ఎంత వేగంతో తిప్పారో రాసి, తయారీదారు చెప్పిన లెక్క దాటాక దాని వేగాన్ని తగ్గించడమో రోటర్‌నే విరమింపజేయడమో చేయాలి. ఉప్పు ద్రావణం ఒలికిన రోటర్‌ను అలాగే వదిలితే అల్యూమినియంలో గుంటలు పడతాయి, పగులు అక్కడే మొదలవుతుంది. అందుకని వాడగానే కడిగి, బోర్లించి ఆరబెట్టించండి.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో వడపోత జల్లెడలోని దుమ్ము దులపడం, తలుపు అంచున మంచు గీకడం మూడు నెలలకొకసారి చేస్తే కంప్రెసర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. లోపలి అరల పటం తలుపుమీద ఉంటే ప్రతివారూ పది నిమిషాలు తలుపు తెరిచి వెతకరు. ఫ్రీజర్ చెడితే నమూనాలు ఎక్కడికి మార్చాలో ముందే తేల్చుకొని, అర్ధరాత్రి అలారం మోగితే ఎవరికి ఫోన్ చేయాలో రెండు నెంబర్లు అంటించండి.

ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. గాలి ఆడని చిన్న గదిలో అది ఒలికితే ఆక్సిజన్ శాతం పడిపోతుంది, మనిషికి హెచ్చరిక ఏమీ అందకుండానే స్పృహ తప్పుతుంది. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గగానే మోగే అలారం పెట్టించండి. నైట్రోజన్ పాత్రతో మనుషులు లిఫ్టులో ఎక్కకూడదు. వాక్యూమ్ పంపుకు ముందు ఉండి ఆవిర్లను గడ్డకట్టించి పట్టుకునే కోల్డ్ ట్రాప్‌ను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచినప్పుడు ఎక్కడైనా గాలి లోపలికి కారితే, మైనస్ 183 దగ్గర మరిగే ఆక్సిజన్ అందులో లేత నీలం ద్రవంగా చేరుతుంది. అక్కడ ముందే ద్రావణి ఉంటే అది పేలుడు మిశ్రమం. ట్రాప్‌లో నీలిరంగు కనిపిస్తే నైట్రోజన్ పాత్రను కిందికి దించకండి, ట్రాప్‌ను ఎక్కడా మూసివేయకండి. హుడ్ అద్దం దించి, గది ఖాళీ చేయించి, భద్రతాధికారిని పిలవండి.

గ్యాస్ సిలిండర్ గురించి క్లుప్తంగా: గోడకు గొలుసుతో కట్టి ఉండాలి, కదిపేటప్పుడు రెగ్యులేటరు తీసి టోపీ బిగించాలి, ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనెగానీ గ్రీజుగానీ తగలకూడదు. ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో మూత గట్టిగా బిగించిన సీసాను, బ్లీచ్ కలిసిన వ్యర్థాన్ని పెట్టనివ్వకండి.

చేతి తొడుగులు, కోటు, వేళలు

చేతి తొడుగు వేసుకోగానే రక్షణ దొరికిందనుకోవడం పొరపాటు. 1996 ఆగస్టులో డార్ట్‌మత్ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యురాలు కేరెన్ వెటర్‌హాన్ చేతి లేటెక్స్ తొడుగుమీద డైమిథైల్ మెర్క్యురీ కొన్ని చుక్కలు పడ్డాయి. ఆమె హుడ్‌లోనే, నియమం ప్రకారమే పనిచేస్తున్నారు. ఆ ద్రవం అలాంటి తొడుగులోంచి సెకన్లలోనే చర్మాన్ని చేరుతుందని తరువాతి పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో ఆమె మరణించారు. కనుక 'తొడుగులు వేసుకోండి' అని రాసిన బోర్డు తీసేసి, మీ గదిలో వాడే ద్రావణులకు ఏ తొడుగు ఎన్ని నిమిషాలు ఆగుతుందో తయారీదారు పట్టికలోంచి తీసి రాసిపెట్టండి. ఉదాహరణకు పలచని నైట్రైల్ తొడుగు డైక్లోరోమీథేన్‌ను ఒకటి రెండు నిమిషాలైనా ఆపలేదు. అది పడగానే తీసి మార్చుకోవాలి.

ఉమ్మడి గదిలో తొడుగుకు ఇంకో కోణం ఉంది. తొడుగుతోనే తలుపు పిడి, కీబోర్డు, ఫోను ముట్టుకుంటే తొడుగు వేసుకున్నవారు బాగానే ఉంటారు, వట్టి చేత్తో వచ్చే తరువాతివారు నష్టపోతారు. ముట్టుకోవలసిన కంప్యూటర్లకు 'తొడుగు లేని చేయి మాత్రమే' అనీ, మిగతా వాటికి 'తొడుగుతోనే' అనీ రెండు రంగుల పట్టీలు అంటించండి. వరండాలో సామాను మోసేటప్పుడు ఒక చేతికే తొడుగు ఉండాలి, తలుపు రెండో చేత్తో తీయాలి.

2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక యువ పరిశోధన సహాయకురాలు, గాలి తగిలితేనే అంటుకునే టెర్ట్-బ్యూటైల్ లిథియంను సిరంజితో తీస్తుండగా మంటలు లేచాయి. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు, ఒంటిమీద సింథటిక్ స్వెటర్ ఉంది. 18 రోజులకు చనిపోయారు. మీ గదిలో కోట్లు తగిలించే కొక్కేలు లోపలి గోడకు ఉంటే వాటిని ఈ రోజే గుమ్మం పక్కకు మార్చండి. చేయి చాచితే అందే చోట ఉన్న కోటునే మనుషులు వేసుకుంటారు. మంటతో, గాలికి అంటుకునే పదార్థాలతో పనిచేసేవారికి నిప్పు తొందరగా అంటుకోని బట్టతో కుట్టిన కోట్లు వేరుగా తెప్పించండి.

ఒంటరిగా రాత్రివేళ చేయకూడని పనుల పట్టిక రాయండి. రాత్రంతా నడిచే ప్రయోగం దగ్గర ఒక కాగితం ఉండాలి: పేరు, ఫోన్ నెంబరు, లోపల ఏముంది, ఎంత వేడి, నీళ్లు ఆగిపోతే లేక కరెంటు పోతే ఏం చేయాలి. ప్రయోగాన్ని పెద్ద మోతాదులో చేయాలనుకునేవారు మళ్లీ అనుమతి తీసుకోవాలి. 2010 జనవరిలో టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో 100 మిల్లీగ్రాములకు మించకూడదని నోటిమాటగా చెప్పుకున్న పేలుడు పదార్థాన్ని దాదాపు 10 గ్రాములు తయారు చేశారు, ఒక పరిశోధక విద్యార్థి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. మోతాదు హద్దు ఎప్పుడూ రాతలో, బాధ్యుడి సంతకంతో ఉండాలి.

వ్యర్థాలు

ల్యాబ్‌లో అన్నిటికన్నా అనాథ వస్తువు వ్యర్థాల క్యాను. అందులో అందరూ పోస్తారు, ఎవరూ రాయరు. మొదటి చుక్క పడకముందే లేబుల్ అంటించి, పోసిన ప్రతివారూ ఏమిటి, ఎంత, ఎవరు అని ఒక వరుస రాసేలా క్యానుకు కాగితం వేలాడదీయండి. క్లోరిన్ వంటి హాలోజన్లున్న ద్రావణులకు ఒక క్యాను, లేనివాటికి ఒకటి, ఆమ్లాలకు ఒకటి, లోహాల ద్రావణాలకు ఒకటి ఉండాలి. నైట్రిక్ ఆమ్లం పోసిన సీసాలో కాస్త ఇథనాల్ లేదా అసిటోన్ పడితే చర్య మెల్లగా మొదలై, వాయువు పేరుకొని, మూత బిగించిన సీసా గంటల తరువాత ఎవరూ లేనప్పుడు పగులుతుంది. కనుక అలాంటి వ్యర్థాలకు వాయువు వదిలే మూతలే వాడాలి, పాతసీసాను కడగకుండా వ్యర్థాలకు వాడకూడదు, క్యానును ముప్పావు వంతుకు మించి నింపకూడదు. సోడియం ఎజైడ్ కలిసిన బఫర్‌ను సింకులో పోయనివ్వకండి. రాగి, సీసపు గొట్టాలతో కలిసి అది కొట్టినా పేలే లవణాలుగా మారగలదు, ఏళ్ల తరువాత గొట్టం బాగుచేయడానికి వచ్చిన ప్లంబరుకు ఆ సంగతి తెలియదు.

మనుషులు, రిజిస్టర్లు

శుభ్రపరిచే వంతులను బృందాల పేర్లతో వేస్తే పని జరగదని నా అనుభవం. మనిషి పేరుతో వేయండి, ఆచార్యుల పేర్లు కూడా కలపండి. వారానికి అరగంట ఒకే వేళకు అందరూ కలిసి బల్లలు తుడవడం, హుడ్లు ఖాళీ చేయడం, కళ్లు కడిగే కుళాయి తిప్పడం పెట్టుకుంటే, నెలకొకసారి చేసే పెద్ద తనిఖీ కన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది.

తృటిలో తప్పిన ప్రమాదాలకు ఒక పుస్తకం పెట్టండి, అందులో పేరు రాయనక్కరలేదు. టెక్సాస్ టెక్ ఘటనపై దర్యాప్తు చేసిన అమెరికా రసాయన భద్రతా బోర్డు, అదే బృందంలో అంతకుముందే ఇలాంటివి జరిగినా వాటినుంచి నేర్చుకున్నది నమోదు కాలేదని తేల్చింది. రాసినవారిని మందలిస్తే ఆ పుస్తకంలో మరో అక్షరం పడదు. ప్రతి వారపు సమావేశంలో ఒక నమోదు చదివి, దానికి ఏం మార్చారో పక్కనే రాయండి; ఏమీ మార్చకపోతే 'మార్చలేదు' అని కారణంతో సహా రాయండి.

వెళ్లిపోయేవారు

జాబితాలో ఎర్ర సిరా గుర్తులన్నీ ఎక్కడినుంచి వచ్చాయో వెనక్కి వెళ్లి చూస్తే, చాలావరకు ఎవరో ఒకరు గదిని వదిలి వెళ్లిన రోజు దగ్గరే తేలతాయి. థీసిస్ సమర్పణ హడావిడిలో ఉన్నవారికి ఫ్రీజర్ సర్దమని చెప్పడం వృథా, అందుకని రెండు నెలల ముందే జాబితాలో వారి పేరున్న వరుసలన్నీ అచ్చువేసి ఇవ్వండి. ప్రతి వరుస ఎదుట మూడింటిలో ఒకటి తేలాలి: పారవేతకు పంపారు, ఫలానా వారికి అప్పగించారు, లేదా తమ వెంట తీసుకెళ్తున్నారు. అప్పగించిన చోట తీసుకున్నవారి సంతకం కూడా ఉండాలి, సీసామీద పేరు అప్పుడే మార్చాలి. ఫ్రీజర్ పెట్టెలు, నోటు పుస్తకాల్లోని నమూనా సంకేతాలు, యంత్రాల పాస్‌వర్డులు, సిలిండర్ల అద్దె పత్రాలు ఈ లెక్కలోకే వస్తాయి. చివరి రోజున ఆ కాగితం పట్టుకొని ఇద్దరూ కలిసి గదంతా ఒకసారి తిరగండి, అన్ని వరుసలూ తేలాకే తాళంచెవి తిరిగి తీసుకొని రసీదు ఇవ్వండి.